ఊడ్చిన అడవి

దసరా వెళ్ళిన వారానికి బరంపురం నుంచి మా సరోజ పిన్ని ఫోన్ చేసింది. "ఏటే, ఇంట్లోనే ఉన్నావా, రైళ్ళల్లో తిరుగుతానే ఉన్నావా?" అన్నది ఆవిడ పలకరింపు. నేను తిరిగిన చోట్ల గురించి ఇక్కడ రాస్తుంటానని, అవి చదివి మీలాంటివాళ్ళు మూటాముల్లె సర్దుకుంటారని ఆవిడకి తెలుసు. అందుకే పని నాకే పురమాయించింది. "ఈ కార్తీకంలో మనోళ్ళందరం వనభోజనాలకి ఎల్దాం. ఎనకటిలాగే ఆ సముద్రం పక్కన సరుగుడు తోటలోనే. నువ్వు ముందొచ్చి సోటు సూడు. నీళ్ళున్నాయో లేవో, వేను లోపలికి ఎల్తాదో లేదో కనుక్కుని రా." ఆ మాట వినగానే నాకు చెప్పలేనంత హుషారొచ్చింది. ఆ తోట పేరెత్తితే చాలు, నాకు పులిహోర వాసన వస్తుంది.

పిన్ని అత్తవారు తరాలుగా బరంపురంలో స్థిరపడిన తెలుగు వ్యాపారులు. అప్పడాలు, ఎండుమిర్చి హోల్‌సేలు. ఇల్లు గోసాని నువాగాంలో. చిన్నప్పుడు మేం విజయనగరం నుంచి కార్తీకానికి వెళ్ళేవాళ్ళం. దుకాణం సరుకు వేనులో గిన్నెలూ, మనుషులూ, అప్పడాల కట్టలూ ఒకదాని మీద ఒకరం కూర్చుని ఛత్రపురం మీదుగా ఆర్యపల్లి వైపు బయల్దేరేవాళ్ళం. వనభోజనమంటే ఉసిరి చెట్టు కింద తినాలి కదా, సముద్రం ఒడ్డున ఉసిరి చెట్టెక్కడిది? అందుకని మా చిన్నాన్న ఒక ఉసిరి కొమ్మ తెచ్చి ఇసుకలో గుచ్చి, దానికి దణ్ణం పెట్టించేవాడు. ఆ తోట నేల ఎంత శుభ్రంగా ఉండేదంటే, చాప వెయ్యాలన్న ఆలోచన కూడా ఎవరికీ వచ్చేది కాదు. ఒక పుల్ల లేదు, ఒక ఎండాకు లేదు. విస్తరి పక్కన పడిన మెతుకు తీసి నోట్లో వేసుకున్నా ఎవరూ తిట్టేవారు కాదు. మా ఇల్లు కూడా ఇంత శుభ్రంగా ఉండదని మా అమ్మ ప్రతి ఏడూ అనేది.

విజయనగరం నుంచి బరంపురానికి పొద్దున్న బండి ఎక్కితే మూడున్నర, నాలుగు గంటల ప్రయాణం. నేను ముందు రోజే చేరి పిన్ని ఇంట్లో పడుకున్నాను. మీకు అలాంటి పిన్ని లేకపోతే స్టేషన్ దగ్గర ఓ మాదిరి లాడ్జీలు చాలా ఉన్నాయి, రాత్రికి ఎనిమిది వందల నుంచి మొదలు. పొద్దున్నే వీధి చివర బండి దగ్గర ఉప్మా మీద ఘుగుని పోసి ఇచ్చారు. బఠాణీల కూరన్నమాట. ఉప్మా మీద కూరేమిటని మొదటిసారి ముఖం చిట్లిస్తారు, రెండోసారి మీరే అడిగి పోయించుకుంటారు. పిన్నిని కూడా రమ్మన్నాను గానీ మోకాళ్ళు పట్టేశాయంది. "నేనొస్తే నువ్వు తోట సూస్తావా, నన్ను మోస్తావా? ఎల్లి బేగి రా" అని తరిమింది.

బస్టాండులో ఛత్రపురం బస్సు దొరకడానికి పెద్దగా కాచుకోనక్కర్లేదు. ముప్పావుగంట ప్రయాణం, టిక్కెట్టు యాభై లోపే. ఛత్రపురంలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. వెళ్ళి, ఉండి, తీసుకురావడానికి ఆరు వందలన్నాడు, ఐదు వందలకి కుదిరింది. డ్రైవరు పేరు దండాసి, నలభై దాటిన మనిషి, ఒక వాక్యంలో సగం తెలుగు, సగం ఒడియా. చిత్త కార్తె చివర్లో కూడా ఎండ రోహిణిలా మాడుస్తోంది. "ఇదేం ఎండయ్యా, చలి మొదలవ్వాల్సిన రోజుల్లో" అన్నాను. "ఏటి సెప్తామమ్మా. ఈ ఏడు రెండు నెల్లు సుక్క లేదు. తరవాత ఒక్క రేత్రి నెల వానంతా కుమ్మరించి పోనాది" అన్నాడు. ఆర్యపల్లి దగ్గర వలలు ఆరేసిన రోడ్డు, చేపలు ఎండబెట్టిన ఇసుక దాటాక తీరం వెంట ఇంకా కొంత దూరం పోయాం. ఆ తర్వాత వచ్చే పేట పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడివాళ్ళే వద్దన్నారు. ఎందుకన్నారో చదివాక మీకే తెలుస్తుంది.

"తోట దగ్గర ఆపు" అన్నాను. "ఏ తోట?" అన్నాడు దండాసి. సరుగుడు తోటయ్యా, అడవంత ఉంటుంది, లోపలికి నడుస్తూ నడుస్తూ సముద్రం ఎప్పుడొస్తుందని పిల్లలు ఏడుస్తారు అని నేను చెప్తూనే ఉన్నాను, అతను ఆటో ఆపేశాడు. దిగితే ఎదురుగా సముద్రం. మధ్యలో ఏమీ లేదు. అక్కడొక మొద్దు, ఇక్కడొక మొద్దు, వేళ్ళు పైకి లేచిన మానులు కొన్ని, మిగతాదంతా కళ్ళు చెదిరే ఇసుక. నాకు ఒళ్ళు మండిపోయింది. "నేను కొత్తదాన్ని అనుకుంటున్నావా? ఎక్కడికో తెచ్చి దింపేస్తే నమ్మేస్తానా?" అని అతని మీద పడ్డాను. పాపం, అతను ఎదురు చెప్పలేదు. "ఇదేనమ్మా. రండి, ఒకటి సూపిస్తాను" అని ముందు నడిచాడు.

అలలకి కాస్త ఇవతల, ఇసుకలోంచి ఒక సిమెంటు గొట్టం నిలబడి ఉంది. నా తలకన్నా ఎత్తు. ఏదో పాత కట్టడం అనుకుని చుట్టూ తిరిగాను. ఒక వర మీద ఒక వర, పైన వెడల్పాటి అంచు, ఆ అంచుకి తాళ్ళ ఒరిపిడికి పడ్డ గాట్లు. అప్పుడు అర్థమైంది. అది బావి. మేం వనభోజనాలకి వచ్చినప్పుడు వంగి చేద వేసి నీళ్ళు తోడుకున్న వరల బావి అది. చుట్టూ ఉన్న నేలంతా సముద్రం తీసుకుపోతే బావి ఒక్కటే నిలబడి ఉంది. లోపలికి వంగి చూసిన బావిని తలెత్తి చూడాల్సి వచ్చింది! ఓరి దేవుడా, అని పైకే అనేశాను. అక్కడే ఇసుకలో కూలబడ్డాను. దండాసి నీళ్ళ సీసా తెచ్చి చేతికిచ్చి, "అందరూ ఇలాగే కూకుండిపోతారమ్మా" అన్నాడు.

అలా కూర్చుని ఉండగానే పోలమ్మ అనే ఆవిడ కనిపించింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. నడుం మీద బిందె, చేతిలో చెంబు, చంకలో నున్నగా అరిగిన పొడుగాటి కర్ర. ఇళ్ళ ముందు ఇసుకలో వరసగా గుంటలు తీసి మొక్కలు నాటారు. ఒక్కో గుంటలో చెంబుడు నీళ్ళు పోసుకుంటూ వస్తోంది. లేచి పలకరించాను. చిన్నప్పుడు ఇక్కడికి వచ్చేవాళ్ళమంటే ఆవిడ ముఖం విప్పారింది. "అప్పడాలోళ్ళా? మా అత్త సెప్తాది. వేన్లో వచ్చి, పిల్లలందరికీ పులిహోర పెట్టేవోరంట కదా. మా ఆయన సిన్నప్పుడు ఆ పులిహోర తిన్నాడంట." ఆ మాటకి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ కర్ర ఏమిటని అడిగితే, అది అడవి వంతు కర్ర అంది. ఒడియా ఊళ్ళలో దీన్ని ఠెంగాపల్లి అంటారట. రోజూ సాయంత్రం కర్ర ఒక ఇంటి గుమ్మానికి ఆనించి ఉంటుంది. ఎవరి గుమ్మంలో ఉంటే మర్నాడు అడవి కాపలా ఆ ఇంటిది. పొద్దు గూకగానే పక్క గుమ్మానికి మారుస్తారు. పెళ్ళైనా, జ్వరమొచ్చినా వంతు వంతే. సరుగుళ్ళు నిలువెత్తున ఉన్న రోజుల నుంచీ, ఇసుక మాత్రమే మిగిలిన ఈ రోజు దాకా ఆ కర్ర తిరుగుతూనే ఉంది.

"ఇంత కాపలా కాస్తే అడవి ఎలా పోయింది?" అని అడిగాను. "మూడేళ్ళు ఎండలు మండినాయమ్మా. కొసలు ఎర్రగా మాడిపోనాయి. తరవాత ఆ పెద్ద గాలి. తెల్లారి సూస్తే అన్నీ ఒక్క పక్కకే పడుకున్నాయి, సాప పరిసినట్టు. ఎనకాలే సముద్దరం వచ్చీసినాది" అంది. ఆవిడ ఇల్లు సముద్రం వైపు మొదటి వరసలో ఉంది. ఆ వరసను ఖాళీ చేసి హైవే అవతల కాలనీకి పొమ్మని పైనుంచి చెప్పారట. ఊరంతా కూర్చుని బతిమాలితే ఒక గడువిచ్చారు. వచ్చే వేసవి దాటేదాకా ఈ మొక్కలు బతికితే మొదటి వరసను కదపరు, చస్తే కదలాల్సిందే. అంతకుముందు ఏడు నాటినవి ఎండకి మాడి చచ్చాయి. ఇవి రెండోసారి నాటినవి. "కాలనీలో ఇల్లు బాగుంటాది కదా?" అని నేను తెలివితక్కువగా అడిగాను. పోలమ్మ బిందె కింద పెట్టేసింది. "నా పెనిమిటి తెప్పేసుకుని ఎల్లినాక నేను గుమ్మంలో కూకుని గాలి సూస్తానమ్మా. గాలి మారితే అందరికీ ఫోన్ సేసేది నేనే. హైవే అవతల కూకుంటే నాకేటి తెలుస్తాది, లారీలు తప్ప?"

మాటల మధ్య దక్షిణం వైపు చూశాను. అక్కడొక పచ్చటి గోడ కనిపించింది. మొగలి పొదలు! ఈ గంజాం జిల్లా మొగలి పూలు అత్తరుకి ఎంత పేరుపడ్డాయో మీకు తెలిసే ఉంటుంది. మనిషెత్తుకి మించి అల్లుకుపోయి, ముళ్ళూ, ఊడలూ, లోపల మోకాలిలోతు ఎండాకు. దాని వెనక ఇసుక దిబ్బ కూడా చెక్కు చెదరలేదు. అదే తీరం, అదే గాలి, అదే సముద్రం. బారులు తీరిన సరుగుళ్ళు పోయి, ఈ ముళ్ళకంప నిలబడడమేమిటి? నాకు అంతు పట్టలేదు. పూల కాలంలో తప్ప అందులోకి ఎవరూ కాలు పెట్టరట. పాముల పుట్ట అని పిల్లల్ని కూడా పోనివ్వరట.

ఇంతలో మోటారు సైకిలు మీద ఫారెస్టు గార్డు వచ్చాడు. రబి బాబు అని ఒడియా ఆయన. ఇక్కడే పదేళ్ళుగా పని చేసి తెలుగు పట్టుబడింది. మొక్కల వరసలు చూసుకుంటూ వస్తే నా ప్రశ్న ఆయన మీదకి విసిరాను. "ఆజ్ఞా, కారణం ఒక్కటి కాదు" అని ఒడియా మర్యాదతో మొదలుపెట్టాడు. అన్నీ ఒకే జాతి, ఒకే ఏడు నాటినవి, అన్నీ ఒకేసారి ముసలివయ్యాయి. వెనక పిల్ల మొక్కలు లేవు. ఎండలు పెరిగాయి, వాన గతి తప్పింది, తుపాన్ల బలం హెచ్చింది. అంతవరకూ చెప్పి పోలమ్మ వైపు చూసి ఆగిపోయాడు. "సెప్పు బాబూ, సెప్పు. దాయడమెందుకు?" అంది పోలమ్మ. చివరికి ఆవిడే చెప్పింది. "మేం ఊడ్సీసినామమ్మా. అడివిని ఊడ్సీసినాం."

ఊరి కట్టు అదట. పచ్చి కొమ్మ విరిస్తే తప్పు. గొడ్డలి కనపడితే ఊరి ముందు నిలబెడతారు. కానీ రాలిన ఆకు మాత్రం ఎత్తుకోవచ్చు, పొయ్యిలోకి. సరుగుడాకు సూదుల్లా రాలి భగ్గున మండుతుంది. అందుకని ఇంటికింత అని అడవిని పాయలుగా పంచుకున్నారు. పొద్దున్న వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టాక ఆడవాళ్ళందరూ చీపుళ్ళు పట్టుకుని అడవికి వెళ్ళేవారు. మొదట పొయ్యి కోసమే మొదలైనా పోను పోను అది పరువు సంగతి అయింది. ఎవరి పాయలో ఆకు కనపడితే వాళ్ళని వెక్కిరించేవారు. కొత్త కోడలు మంచిదో కాదో అడవి పాయ చూసి చెప్పేవారట! ముప్పై, నలభై ఏళ్ళు రోజూ ఊడ్చారు. ఆకు కుళ్ళి మట్టి అవ్వాల్సిన చోట ఒట్టి ఇసుక మిగిలింది. తేమ నిలవలేదు, మరో మొక్క మొలవలేదు, ఇసుకని పట్టి ఉంచేదేదీ లేకపోయింది. ఎవరూ అడుగుపెట్టని మొగలి పొదల్లో మాత్రం ఆకు మీద ఆకు పడి నేల తయారైంది. "ఊడ్చకపోయినా తుపానుకి సగం పోయేవేమో" అన్నాడు రబి బాబు, ఆవిడ మనసు కష్టపెట్టకూడదని. "సగం మిగిలేయి కదా" అంది పోలమ్మ.

చాప లేకుండా కూర్చున్న ఆ నేల, మా అమ్మ మెచ్చుకున్న నేల, ఇన్నేళ్ళుగా నేను ఎక్కడికి వెళ్ళినా "ఆ తోటంత శుభ్రం ఇంకెక్కడా చూడలేదు" అని చెప్పుకు తిరిగిన నేల, అదా ఆ చెట్లని చంపింది? అడవుల్ని నరికేవాళ్ళ మీద, తగలబెట్టేవాళ్ళ మీద నాకు కోపం తెచ్చుకోవడం తెలుసు. ప్రాణంలా చూసుకున్నవాళ్ళ చేతుల్లో అడవి పోతే ఎవరిని తిట్టాలి?

ఇప్పుడు పద్ధతి మార్చారు. సరుగుడు ఒక్కటే కాకుండా పొన్న, కానుగ, మొగలి, జీడి కలిపి నాటారు. అన్నీ ఒకే ఏడు కాకుండా ఇకపై ఏటా కొన్ని వరసలు నాటుతారట. ప్రతి గుంటలోనూ దోసిళ్ళకొద్దీ ఎండాకు పరిచారు. దూరంగా మిగిలిన నాలుగు చెట్ల కింద నుంచి గోనెల్లో మోసి తెచ్చిన ఆకు. పోలమ్మ ఒక గుంటలో ఆకు పక్కకి తీసి చూపించింది. ఇంత ఎండలోనూ కింద ఇసుక తడిగా ఉంది. అంతా బాగుందనుకుంటూ ముందుకి నడిచామా, ఉత్తరం చివర రెండు వరసలు బోసిగా ఉన్నాయి. ఆకు లేదు. మొక్కలు తలలు వాల్చేశాయి. గుంటల చుట్టూ ఇసుక మీద చీపురు గీతలు, అర్ధచంద్రాల్లా, ఎంత పొందిగ్గానో. ఆ గీతలు నేను ఇదివరకు చూసినవే. "నాలుగు రోజులై ఎవులో ఊడ్సుకుపోతన్నారు. మేం పరుస్తాం, ఆళ్ళు ఊడుస్తారు" అంది పోలమ్మ పళ్ళు నూరుతూ. "ఇలాగే జరిగితే ఈ రెండు వరసలూ వేసవి చూడవు" అన్నాడు రబి బాబు. అవతల పేట ఆడవాళ్ళు పొయ్యి కోసం ఎత్తుకుపోతున్నారని ఊళ్ళో అనుమానమట. "ఈ రోజు కర్ర నాది. దొరకనీ సెప్తాను" అంది.

మధ్యాహ్నం తన ఇంట్లోనే తినమంది. నేను మొహమాటపడలేదు, ఆకలి దంచేస్తోంది. చద్దన్నంలో గంజి, పక్కన కవళ్ళ చేపల పులుసు, వేయించిన ఎండు నెత్తళ్ళు, పచ్చి ఉల్లిపాయ. దండాసి, రబి బాబు వరండాలో కూర్చున్నారు. ఇలాంటి చోట ఎవరైనా పిలిస్తే తినండి, తిన్నాక డబ్బులు చేతిలో పెట్టకండి, నొచ్చుకుంటారు. బరంపురం నుంచి ఓ అప్పడాల కట్ట తీసుకెళ్ళి ఇస్తే సంతోషిస్తారు. ఆ పులుసు రుచి గురించి ఒక పేజీ రాద్దామనుకున్నాను. కానీ రెండో ముద్ద నోట్లో ఉండగా బయట చప్పుడు వినిపించింది. సర్రు, సర్రు, సర్రు. పోలమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. చెయ్యి కడుక్కోకుండానే కర్ర అందుకుని పరుగెత్తింది. వెనకాలే మేము.

ఉత్తరం చివర, మండుటెండలో, నడుం సగానికి వంగిపోయిన ముసలావిడ ఈనెల చీపురుతో మొక్కల గుంటలు ఊడుస్తోంది. పక్కనే ఆకు పోగు. పోలమ్మ ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉండిపోయింది. "అత్తా!" అంది. వాళ్ళత్త నూకాలమ్మ. పక్క గుమ్మం ఆవిడదే. మా పులిహోర సంగతి కోడలికి చెప్పింది ఈవిడే.

"ఏటే అలా సూస్తావు?" అంది నూకాలమ్మ, చీపురు ఆపకుండానే. "ఇంత సెత్త పెట్టుకుని ఎలా పడుకుంటన్నారు? పావులొస్తే? పిల్లలు తిరగతన్నారు. అడివిని ఇలాగేనా ఉంచడం?"

"అత్తా, ఆ సెత్త మేమే ఏసినాం."

"ఏసినారా? సిగ్గు నేదా? నేను కాపరానికొచ్చిన కాణ్ణించి నా పాయలో ఆకు సూసినోళ్ళు నేరు. మూడేళ్ళై నా గుమ్మంలో కర్ర పెట్టడం మానీసినారు, ముసల్దాన్నని. పోన్లే అనుకున్నాను. కర్ర నేకపోతే సీపురైనా ఉంది కదా. ఇన్నాళ్ళూ నడుం పట్టేసి మంచం దిగనేదు, ఇప్పుడు కొంచెం నిలబడినాది, నాలుగు రోజులై నా వంతు నేను సేస్తన్నాను."

నాకు అప్పుడు తెలిసింది. కర్ర వంతు ఉన్నవాళ్ళనే ఊరి కూటానికి పిలుస్తారు. ముసలివాళ్ళని కష్టపెట్టకూడదని వంతు తప్పించారు. వంతు లేదు కాబట్టి కూటానికి పిలవలేదు. కూటానికి రాలేదు కాబట్టి ఆకు ఊడవకూడదన్న కొత్త కట్టు ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఒకే గోడ పంచుకుంటున్న కోడలు కూడా! మర్యాద చేశామనుకుని ఎంత పని చేశారు? పోలమ్మ కర్ర కింద పడేసి ఆవిడ చేతులు పట్టుకుంది. "ఆకుంటేనే మొక్క బతుకుతాదంట అత్తా. ఈ మొక్కలు సస్తే మన కొంపలు నేవు. నీ గుమ్మం, నా గుమ్మం రెండూ ఎల్లిపోతాయి. హైవే అవతలికి పొమ్మంటారు."

నూకాలమ్మ కోడలి ముఖం చూసింది, రబి బాబు ముఖం చూసింది. "నిజమేనా బాబూ?" అని అడిగింది. "హఁ మౌసీ, నిజమే" అన్నాడాయన మెల్లగా. ఆవిడ వాలిపోయిన మొక్కని చూసింది. తర్వాత తలెత్తి ఖాళీ ఇసుక వైపు, ఒకప్పుడు అడవి ఉన్న వైపు చూసింది. ఏం అడగబోతోందో నాకు తెలిసిపోయింది. అడగకుండా ఉంటే బాగుండునని దేవుణ్ణి వేడుకున్నాను.

"అయితే, ఆ సెట్లు? అవి కూడా... నేను ఊడ్సినందుకేనేటి?"

రబి బాబు తుపాను అని ఏదో అనబోయి ఊరుకున్నాడు. పోలమ్మ ఏడుస్తోంది. ఎవరినైనా కొట్టినా, తిట్టినా అంత ఘోరంగా ఉండదు. ఒక మనిషి జీవితంలో గర్వంగా చెప్పుకునే ఒక్క పనినీ పట్టపగలు మా కళ్ళ ముందే లాగేసుకున్నట్టయింది. నూకాలమ్మ ఏడవలేదు. చీపురు పక్కన పెట్టి ఇసుకలో కూలబడింది. కాసేపటికి తన కొంగు పరిచి, ఊడ్చిన పోగులోంచి ఆకు దోసిళ్ళతో ఎత్తి అందులో పోసుకుంది. మోకాళ్ళ మీదే జరుగుతూ మొదటి గుంట దగ్గరికి వెళ్ళి పోసింది. చేత్తో సర్దింది. రెండో గుంట. మూడో గుంట. "ఓలమ్మో, సెత్తెయ్యడం నేర్సుకోవాల్సొచ్చినాది ఈ వయసున" అంది, మాతో కాదు, తనలో తనే. సాయానికి వంగబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "నేను తీసిందే కదా తల్లీ, నేనే ఎయ్యాల" అంది.

నేను బయల్దేరే వేళకి పొద్దు వాలింది. పోలమ్మ కర్ర పట్టుకుని తరవాత వంతు ఇంటి వైపు నడిచింది, సగం దారిలో ఆగింది, వెనక్కి వచ్చింది. నూకాలమ్మ గుమ్మానికి ఆనించి పెట్టింది. "రేపు నీ వంతు అత్తా" అని లోపలికి వినపడేలా చెప్పింది. ఆటో కదిలాక తిరిగి చూస్తే ముసలావిడ గుమ్మంలోకి వచ్చి ఆ కర్రని తడుముతోంది. అద్దంలో చూస్తే దండాసి కళ్ళూ తడిగానే ఉన్నాయి.

రాత్రి అన్నాల దగ్గర పిన్నికి అంతా చెప్పాను. బావి దగ్గర "హయ్యో" అంది, మొక్కల దగ్గర తల పంకించింది, నూకాలమ్మ మాట చెప్పగానే ముద్ద కంచంలో పెట్టేసింది. "మనం సాప కూడా ఎయ్యలేదు కదే ఏనాడూ" అంది. అప్పటి నుంచి ఆ మాట నన్ను వదలడం లేదు. వాతావరణం మారిపోతోందంటే పొగగొట్టాలూ, పెద్ద దేశాలూ గుర్తొస్తాయి నాకు. అవి లేవని కాదు. ఆ ఎండ, ఆ గాలి నూకాలమ్మ తెచ్చినవి కావు. కానీ ఎండ పెరిగినప్పుడు అడవిని కాచేది ఏమిటో మనకే తెలియదు. శుభ్రం అనుకున్నది బోడితనమైంది, చెత్త అనుకున్నది కవచమైంది. పాత కాలానికి సరిపోయిన మంచితనం కొత్త కాలానికి చాలదని ఒక ముసలావిడ మోకాళ్ళ మీద నేర్చుకోవడం చూశాను. పిన్నిని అడిగాను, వనభోజనాలు మానేద్దామా అని. "ఎందుకు మానడం? అక్కడికే ఎల్దాం. ఆవిడికి పులిహోర పెట్టొద్దూ?" అంది. నీడ లేకపోయినా ఫరవాలేదు, గొడుగులు పట్టుకెళ్తాం.

మీరు కూడా ఆ తీరానికి వెళ్తే తాగే నీళ్ళు వెంట తీసుకెళ్ళండి, అక్కడి బావుల్లో ఇప్పుడు ఉప్పునీళ్ళే. అంతకన్నా ముఖ్యంగా ఒక చాప తీసుకెళ్ళండి. మొక్కల దగ్గర నేల మీద ఎండాకు ఉంటుంది, కూర్చోబోతే చెయ్యి దానంతట అదే ఊడ్చెయ్యడానికి వెళ్తుంది. ఆపుకోండి. ఆకు మీదే చాప పరుచుకుని కూర్చోండి, లేచేటప్పుడు మీ చాప మాత్రమే దులుపుకుని రండి.